దెబ్బ ముందా, ముద్ర ముందా? మింట్ ఎర్రర్ నాణేన్ని గుర్తుపట్టడం గురించి

మీ దగ్గర మూడు నాణేలు ఉన్నాయన్నారు. ఒకదాని అంచులో నెలవంక ఆకారంలో ముక్క లేదు. రెండోదాని మీద సంవత్సరం అంకెలు జంటగా పడినట్టున్నాయి. మూడోదాని ఒక వైపు తిరగబడిన అక్షరాలు లోపలికి దిగి ఉన్నాయి. ఇవి టంకశాలలో జరిగిన తప్పులా, చేతులు మారాక తగిలిన దెబ్బలా, తేడా ఎలా పట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. లోపం ముందు వచ్చిందా, ముద్ర ముందు పడిందా అని చూడండి. లోపం ముందే ఉండి దాని మీద ముద్ర పడితే, బొమ్మ, అక్షరాలు ఆ లోపానికి తగ్గట్టు సర్దుకుని ఉంటాయి. అది మింట్ ఎర్రర్, అంటే టంకశాల తప్పు. ముద్ర చక్కగా పడ్డాక లోపం వస్తే, అది అక్షరాలను కోసేస్తుంది, నలిపేస్తుంది, లేదా వాటి మీద ఎక్కి కూర్చుంటుంది. అది దెబ్బ. మీ మూడు నాణేల్లో నెలవంక నాణెం మీద నాకు కొంచెం ఆశ ఉంది. జంట అంకెలది సగం సగం. మూడోది మాత్రం వైస్‌లో, అంటే రెండు దవడల మధ్య వస్తువును బిగించే పనిముట్టులో, పెట్టి నొక్కిందేనని ఫొటో చూడకుండానే అనుమానిస్తున్నాను. ఎందుకో కింద చెబుతాను.

నాణెం ఎలా తయారవుతుందో ఒక్కసారి మనసులో నడిపించుకుంటే సగం సందేహాలు అక్కడే తీరతాయి. పొడవాటి లోహపు పట్టీ నుంచి గుండ్రటి బిళ్ళలను పంచ్ చేస్తారు. వాటిని కాల్చి మెత్తబరిచి, శుభ్రం చేసి, అంచు కొద్దిగా పైకి లేచేలా ఒక యంత్రంలో దొర్లిస్తారు. తర్వాత బిళ్ళ ఒక ఉక్కు కాలర్, అంటే ఉంగరం లాంటి చట్రం, మధ్య కూర్చుంటుంది. పైన ఒక డై, కింద ఒక డై, అంటే అచ్చులు. ఒక్క దెబ్బతో రెండు వైపులా ముద్ర పడుతుంది, పక్కకు పారే లోహాన్ని కాలర్ ఆపుతుంది. అంచు మీది నిలువు గీతలు కూడా కాలర్ వల్ల వచ్చినవే. నిజమైన ఏ తప్పయినా ఈ వరుసలో ఎక్కడో ఒకచోట జరిగి ఉండాలి: బిళ్ళలో, అచ్చులో, లేదా కొట్టిన క్షణంలో. నాకు ఎవరైనా నాణెం చూపిస్తే మొదట అడిగేది ఇదే, "దీన్ని ఏ యంత్రం చేసి ఉంటుందంటారు?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. జవాబు లేదంటే దాదాపు ఎప్పుడూ అది దెబ్బే.

నెలవంక ముక్క విషయం. పంచ్ కిందికి పట్టీ సరిగా జరగకపోతే, అంతకుముందే బిళ్ళ తీసేసిన ఖాళీ మీద పంచ్ కొంత పడుతుంది. అప్పుడు కొత్త బిళ్ళకు ఒక పక్క వంపుగా ముక్క ఉండదు. దీన్ని క్లిప్ అంటారు. పట్టీ చివర పంచ్ పడితే తెగినచోటు తిన్నగా ఉంటుంది. ఇది ముద్రకు ముందు జరిగిన సంగతి కాబట్టి, డై కొట్టినప్పుడు లోహం ఆ ఖాళీ వైపు పారుతుంది. అందుకే నిజమైన క్లిప్ పక్కన అక్షరాలు బలహీనంగా, ఖాళీ వైపు సాగినట్టు ఉంటాయి. అంచు గట్టు కూడా క్లిప్ దగ్గరికి వచ్చేకొద్దీ నెమ్మదిగా పలుచబడి కలిసిపోతుంది. కటింగ్ ప్లయర్‌తోనో ఆకురాయితోనో తీసిన ముక్క అయితే గట్టు చివరిదాకా నిండుగా వచ్చి టక్కున ఆగిపోతుంది. అక్షరం కత్తితో కోసినట్టు సగంలో తెగుతుంది. తెగిన ముఖం మీద భూతద్దంలో సమాంతర గీతలు కనిపిస్తే అవి ఆకురాయివే.

ఇంకో పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. క్లిప్‌కు సరిగ్గా ఎదురుగా, అంటే నాణెం అవతలి అంచు చూడండి. అక్కడ గట్టు పలుచగా, కొన్నిసార్లు పూర్తిగా మాయమై ఉంటుంది. కారణం తేలిక. అంచు లేపే యంత్రం బిళ్ళను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. ఒక వైపు ముక్కే లేకపోతే ఎదుటి వైపు ఒత్తిడి ఎక్కడిది? దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. నాణెం కోసి అమ్మేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినా అవతలి గట్టును నమ్మేలా పలుచబరచడం తేలిక కాదు. అయితే ప్రతి నిజమైన క్లిప్‌లోనూ ఇది కనిపించాలని లేదు. ఉంటే బలమైన సాక్ష్యం, లేనంత మాత్రాన నాణెం నకిలీ అనకూడదు. వంపు కూడా చూడండి. అదే రకం మంచి నాణెం ఒకటి తెచ్చి ఆ ఖాళీలో ఆనించండి. క్లిప్ చేసిన పంచ్ కూడా అదే కొలతది కాబట్టి వంపు దాదాపు సరిపోవాలి. ఎలుక కొరికినట్టు ఉంటే వదిలేయండి. ఇక్కడ తూకం మాత్రం ఏమీ తేల్చదు, ఎందుకంటే మింట్‌లో పోయినా ఇంట్లో కోసినా బరువు తగ్గేదే.

తిరగబడిన అక్షరాల నాణెం. ఈ రకంతో నేనే ఒకసారి మునిగాను. సేకరణ మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒకాయన దగ్గర ఇలాంటి నాణేన్ని 'బ్రోకేజ్' అని నమ్మి కొన్నాను. ఏడాదిపాటు అందరికీ గొప్పగా చూపించాను కూడా. చివరికి ఒక పెద్దాయన దాన్ని వెలుతురులో కాస్త వంచి పట్టుకుని, "బాబూ, కింద అసలు బొమ్మ చెవి ఇంకా కనిపిస్తోంది చూడు" అన్నారు. అంతే, విషయం అర్థమైపోయింది.

నిజమైన బ్రోకేజ్ ఇలా వస్తుంది. కొట్టిన నాణెం బయటికి రాకుండా పై డైకి అతుక్కుపోతుంది. తర్వాతి బిళ్ళ వచ్చినప్పుడు ఆ పక్కన డైకి బదులు ఈ అతుక్కున్న నాణెమే అచ్చులా పనిచేస్తుంది. ఫలితంగా కొత్త నాణేనికి రెండు వైపులా ఒకే బొమ్మ వస్తుంది. ఒక వైపు మామూలుగా, రెండో వైపు అద్దంలో చూసినట్టు తిరగబడి లోపలికి దిగి ఉంటుంది. ఆ రెండో వైపున ఉండాల్సిన అసలు బొమ్మ ఎప్పుడూ పడనే లేదు కాబట్టి దాని జాడే ఉండదు. వైస్ పని అలా కాదు. రెండు మంచి నాణేలను ఒకదాని మీద ఒకటి పెట్టి బిగిస్తారు లేదా సుత్తితో కొడతారు. అక్షరాలు తిరగబడి దిగుతాయి నిజమే, కానీ కింద పాత బొమ్మ నలిగి, చదునై, ఇంకా అక్కడే ఉంటుంది. చాలాసార్లు రెండో వైపు కూడా వైస్ దవడల ఒత్తిడికి చదునవుతుంది. మీ నాణెం మీద 'దిగిన అక్షరాలు కొన్ని, మామూలు అక్షరాలు కొన్ని' అని మీరు రాసిన మాట చూసే నాకు అనుమానం వచ్చింది. పాక్షిక బ్రోకేజ్ అనేది ఉంది, కానీ అందులో కూడా ఒకే చోట రెండు ముద్రలు ఒకదాని మీద ఒకటి కనిపించవు.

జంట అంకెలు. అందరినీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఇక్కడ దెబ్బ, తప్పు అనే రెండే గదులు చాలవు, మధ్యలో మూడోది ఉంది.

మొదటిది నిజమైన డబుల్డ్ డై. డై తయారుచేసేటప్పుడే బొమ్మ దాని మీద రెండుసార్లు, కాస్త పక్కకు జరిగి పడుతుంది. ఒకప్పుడు ఒక డై మీద బొమ్మ పూర్తిగా దిగడానికి హబ్ అనే మూల అచ్చుతో ఒకటికి మించిన సార్లు నొక్కాల్సి వచ్చేది. రెండోసారి సరిగ్గా అమరకపోతే జంట తప్పదు. అమెరికా 1955 లింకన్ సెంటు ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. దాని మీద సంవత్సరం, అక్షరాలు కంటికే రెండుగా కనిపిస్తాయి. ఇలాంటి నాణెంలో అక్షరం మామూలుకన్నా లావుగా ఉంటుంది. రెండు రూపాలూ ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉంటాయి. అక్షరం మూలల్లో, కొనల్లో చిన్న గాటు లాగా చీలిక కనిపిస్తుంది. తప్పు డైలోనే ఉంది కాబట్టి ఆ డై కొట్టిన నాణేలన్నింటి మీదా అదే జంట, అదే దిశలో, అదే దూరంలో ఉంటుంది. అందుకే తెలిసిన డబుల్డ్ డైల ఫొటోలతో పోల్చి చూడడం సాధ్యం.

రెండోది మెషీన్ డబ్లింగ్. దెబ్బ పడిన క్షణంలో డై కాస్త వదులుగా ఉండి కదిలితే, అప్పుడే లేచిన అక్షరం పక్కను గీరేస్తుంది. కొత్త అక్షరం ఏదీ పుట్టదు, ఉన్న అక్షరమే పక్కన చదునై మెట్టులాగా దిగుతుంది. అంటే అక్షరం సన్నబడుతుంది. ఆ మెట్టు చదునుగా, మెరుస్తూ, అలమారు బల్లలా ఉంటుంది. లావైతే డై, సన్నబడితే యంత్రం. నా దగ్గర కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఈ ఒక్క మాటే చెబుతాను. మెషీన్ డబ్లింగ్ కూడా టంకశాలలో జరిగిందేగా అని వాదించేవాళ్ళు ఉంటారు. జరిగిందే, కాదనను. కానీ అది చాలా మామూలు సంగతి. సేకరించేవాళ్ళు దానికి విలువ ఇవ్వరు. అరిగిపోయిన డై వల్ల అక్షరాల చుట్టూ వచ్చే మసక నీడ కూడా ఇదే కోవది. మూడోది ఉత్త దెబ్బ. అంకె మీద ఏదో తగిలి లోహం పక్కకు జరిగి ఉంటుంది. అప్పుడు జంట ఒక్క అంకెకే పరిమితమై, చుట్టూ గీతలు కూడా కనిపిస్తాయి.

ఉబ్బు, పల్లం గురించి ఒక సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలా పని తేలికవుతుంది. డై గట్టిది, నాణెం దాని ప్రతిబింబం. డై మీద పగులు వస్తే అది పల్లం, ఆ పల్లంలోకి లోహం వెళ్ళి నాణెం మీద గీత ఉబ్బుగా వస్తుంది. నాణెం మీద మేకుతో గీస్తే గీత లోపలికి దిగుతుంది. వేలి గోరుతో తడిమినా కొన్నిసార్లు తెలిసిపోతుంది. డై అంచు ముక్క విరిగితే నాణెం అంచున గడ్డలా లోహం లేస్తుంది, దాన్ని కడ్ అంటారు. అందులో అసలు కిటుకు వెనక వైపు ఉంది. గడ్డలోకి లోహం పోయింది కాబట్టి సరిగ్గా దాని వెనక ముద్ర బలహీనంగా ఉండాలి. వెనక అక్షరాలు పదునుగా ఉంటే ఆ గడ్డ తర్వాత అంటించిన సీసమో మరొకటో అయివుంటుంది.

ఈ సూత్రం ఎంత దూరం పనికొస్తుందో చెప్పడానికి అమెరికా ఐదు సెంట్ల నాణెం, 1937-డి 'మూడు కాళ్ళ' బఫెలో నికెల్ కథ బాగుంటుంది (డి అంటే డెన్వర్ టంకశాల గుర్తు). డెన్వర్ మింట్‌లో డైని మరీ ఎక్కువగా సానపట్టడంతో అడవిదున్న ముందు కాలు ఒకటి డై మీంచి అరిగిపోయింది. ఆ నాణేలకు గిరాకీ పెరిగాక కొందరు మామూలు నాణెం మీద కాలును ఆకురాయితో గీకేయడం మొదలుపెట్టారు. కానీ అసలు నాణెంలో దున్న పొట్ట కింద నుంచి నేల దాకా చుక్కల వరుసలా ఉబ్బెత్తు బుడిపెలు దిగుతాయి. అవి డై మీది గుంటల వల్ల వచ్చినవి. కాలును గీకేయగలరు కానీ లేని బుడిపెలను లేపడం ఆకురాయి వల్ల కాదు.

పల్లంగా ఉన్న ప్రతిదీ దెబ్బ కాదని కూడా చెప్పాలి. డైకీ బిళ్ళకీ మధ్య దారమో, గుడ్డ పోగో, లోహపు తుంపో పడితే దాని ఆకారం నాణెంలో దిగుతుంది. తేడా ఒడ్డున తెలుస్తుంది. దెబ్బ తగిలినచోట లోహం పక్కకు తోసుకుని చిన్న గట్టు లేస్తుంది, పొలంలో నాగలి చాలుకు పక్కన మట్టి లేచినట్టు. మధ్యలో వస్తువు పడి వచ్చిన పల్లానికి అలాంటి గట్టు ఉండదు, ఒడ్డు శుభ్రంగా ఉంటుంది. డై అక్షరాల్లో గ్రీజు నిండి అక్షరాలు పడకపోవడం కూడా ఇలాంటిదే. ఆ చోట ఉపరితలం మిగతా నాణెంలాగే సహజంగా ఉండాలి. గీకి మాయం చేసిన అక్షరం దగ్గర గీతలో, పల్లమో, వేరే మెరుపో దొరుకుతుంది.

తూకం, అయస్కాంతం. గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా, పది రెట్లు పెద్దగా చూపే లూప్, ఒక అయస్కాంతం, ఈ మూడు చాలు. 1943లో అమెరికా సెంట్లను యుద్ధం వల్ల జింకు పూసిన ఉక్కుతో కొట్టారు, బరువు 2.7 గ్రాముల దగ్గర. పొరపాటున కొన్ని పాత కాంస్యపు బిళ్ళల మీద పడ్డాయి, వాటి బరువు 3.11 గ్రాములు. ఎర్రగా కనిపించే 1943 సెంటు దొరికిందని సంబరపడేవాళ్ళ నాణేల్లో ఎక్కువ భాగం ఉక్కు మీద రాగి పూత పూసినవే. అయస్కాంతం పట్టిందంటే కథ ముగిసినట్టే. పట్టకపోయినా సంబరం అప్పుడే వద్దు, 1948 నాటి సెంటు మీది 8ని చెక్కి 3 చేసినవి కూడా ఉన్నాయి. అప్పుడు ఆ 3 ఆకారాన్ని లూప్‌లో చూడాలి.

పొరల నాణేలకు కూడా కాటాయే దిక్కు. అమెరికా క్వార్టర్‌లో, అంటే పావు డాలరు నాణెంలో, లోపల రాగి, రెండు వైపులా రాగి-నికెల్ పొర ఉంటాయి, మొత్తం 5.67 గ్రాములు. ఒక పొర ఊడిన బిళ్ళ మీద ముద్ర పడితే ఆ వైపు ఎర్రగా ఉంటుంది, బరువు ఆరో వంతు దాకా తగ్గుతుంది. ఎర్రగా ఉండి బరువు మాత్రం మామూలుగానే ఉంటే అది రంగు మారడమే. మంటో, మట్టో, రసాయనమో కారణం. ఎర్రగా ఉండి, బరువు తగ్గి, అక్షరాలు కూడా సన్నగా కరిగినట్టుంటే యాసిడ్‌లో ముంచారన్నమాట.

రెండు లోహాల నాణేల గురించి వేరేగా చెప్పాలి. మధ్య బిళ్ళ, చుట్టూ ఉంగరం, రెండూ విడివిడిగా వచ్చి ఒకే దెబ్బకు ముద్ర వేసుకుంటూ కలిసిపోతాయి. మధ్య బిళ్ళ పక్కకు తిరిగి ఉందని, బొమ్మ రెండు భాగాలూ కలవడం లేదని ఒకరు నాకు చాలా ఉత్సాహంగా చూపించారు. ఆలోచించండి, రెండింటి మీదా ముద్ర వేసింది ఒకే డై, ఒకే క్షణంలో. అప్పుడు బొమ్మ తప్పడానికి ఆస్కారమే లేదు. తర్వాత ఎవరో ఊడగొట్టి తిరిగి పెట్టారన్నమాట. మధ్యలో బిళ్ళ లేని ఉంగరం నిజమైనదైతే, దెబ్బకు లోహం లోపలి ఖాళీలోకి పారి రంధ్రం ఒడ్డు ఎగుడుదిగుడుగా ఉంటుంది. తర్వాత తోసేసినదైతే ఒడ్డు నున్నగా, గుండ్రంగా ఉంటుంది.

కొన్ని దెబ్బలు మరీ అమాయకంగా కనిపిస్తాయి. బట్టలు ఆరబెట్టే యంత్రం డ్రమ్ములో ఇరుక్కుపోయి నెలల తరబడి దొర్లిన నాణెం అంచు లోపలికి మడతపడి, నాణెం చిన్నదై, మందంగా మారుతుంది. చూస్తే ఎవరో శ్రద్ధగా చేసినట్టే ఉంటుంది. నాణేలను చుట్టలు కట్టే యంత్రం ముఖం మీద గుండ్రటి గీత పెడుతుంది. తోలు ముక్కల మధ్య పెట్టి సుత్తితో కొడితే నాణెం పెద్దదై అక్షరాలు లావెక్కుతాయి. దీన్ని కాలర్ లేకుండా కొట్టిన నాణెం అని అమ్ముతారు. కాలర్ లేనప్పుడు అక్షరాలు పదునుగానే ఉండి అంచు వైపు సాగుతాయి, ఉబ్బి మసకబారవు.

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం దొరికితే మొదట గట్టు లోపలి ఒడ్డున లూప్‌తో అతుకు వెతకండి. గారడీ కోసం ఒక నాణేన్ని తొలిచి మరోదాన్ని అందులో కూర్చోబెడతారు. గట్టి చోట వేస్తే మోగే తీరు కూడా వేరు. వెనక వైపు తలకిందులుగా ఉందని కంగారుపడేవాళ్ళు ముందు ఆ దేశపు పద్ధతి చూసుకోవాలి. అమెరికా నాణేన్ని పక్కకు తిప్పితే వెనక వైపు తలకిందులుగా రావడమే సరైనది. యూరో నాణెం అలా వస్తే అప్పుడు ఆసక్తిగా చూడాలి.

కొన్ని అసలు తప్పులకు కంటికి ఏ లోపమూ కనిపించదు. బ్రిటన్‌లో 2008లో 20 పెన్సుల నాణెం డిజైన్ మార్చి, సంవత్సరాన్ని వెనక వైపు నుంచి రాణి బొమ్మ వైపుకు తెచ్చారు. కొన్ని నాణేలకు కొత్త వెనక డై, పాత బొమ్మ డై జతపడడంతో సంవత్సరం ఏ వైపూ పడలేదు. ఆ నాణెం చూడడానికి ముద్దుగా, నిండుగా ఉంటుంది. 1983 రెండు పెన్సుల్లో కొన్నింటి మీద 'టూ పెన్స్'కు బదులు పాత 'న్యూ పెన్స్' అన్న మాట పడింది. అందుకే ఎర్రర్ వెతికేవాళ్ళు వంకర నాణేలకన్నా మామూలు నాణెం ఎలా ఉండాలో ఎక్కువ చదవాలి.

మీ నాణేలకు వద్దాం. దయచేసి వాటిని తోమకండి, పాలిష్ పెట్టకండి. తోమితే నిజమైన ఎర్రర్ కూడా దెబ్బతిన్న నాణెంగా మారిపోతుంది. నెలవంకదానికి ముక్క లేనిచోటు, సరిగ్గా ఎదుటి అంచు, తెగిన ముఖం, మూడు ఫొటోలు తీయండి. జంట అంకెలదానికి వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి దగ్గరగా తీయండి. నేరుగా ఫ్లాష్ వేస్తే మెట్టు, ఉబ్బు ఒకేలా కనిపిస్తాయి. పక్కనే అదే సంవత్సరం మంచి నాణెం ఒకటి ఉంటే మరీ మంచిది. మూడోదాన్ని వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ, దిగిన అక్షరాల కింద పాత బొమ్మ జాడ కోసం వెతకండి. మూడింటి బరువు కూడా రాయండి. ఆ ఫొటోలు చూశాక నెలవంకదాని విషయంలో గట్టిగా చెప్పగలను. జంట అంకెలది ఫొటోలోనూ తేలకపోతే చేతిలోకి తీసుకుని చూడాల్సిందే.